బావ ఆటలో అక్క గొంతు

మా బావ గురించి మంచిగా రాయమంటే నా వల్ల కాదు. ఉన్నది ఉన్నట్టు రాయమంటే రాస్తాను. అక్క మొగుడు కాబట్టి మర్యాదకి "ఆయన" అనాలి. అతను చేసిన పని తలుచుకుంటే ఆ మాట నోట రాదు. "అతను"తోనే సరిపెట్టుకోండి.

అక్క ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. పట్టేసిన నడుములు, బిగుసుకున్న భుజాలు, కట్టు విప్పాక కదలనని మొరాయించే మోకాళ్ళు, ఇవే ఆమె లోకం. బావ అప్పట్లో వంటగదుల అల్మారాలు చేసే కంపెనీలో నమూనాలు గీసేవాడు. కంప్యూటరు ముందు వంగి వంగి మెడ పట్టేసి అక్క దగ్గరికి వచ్చాడు. మెడనొప్పితో వచ్చినవాడు మెడకి చుట్టుకున్నాడని నేనంటే అక్క పకపకా నవ్వేది. పెళ్ళైన కొత్తలో అతనూ నవ్వేవాడు.

నాకైతే అతను మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడే అర్థమైంది. నాన్న, అక్క, నేను, అతను సరదాగా పేకాటకి కూర్చున్నాం. ఓడిపోతున్నానని తెలియగానే, "ఈ రూలు ఇలా మారిస్తే ఆట బాగుంటుందండీ" అన్నాడు. సరేనని మార్చాం. మళ్ళీ ఓడిపోయాడు. మళ్ళీ ఇంకో రూలు పట్టుకొచ్చాడు. నాన్న ముక్కలు బల్ల మీద పడేసి, "మీరే ఆడుకోండి బాబూ" అని లేచి వెళ్ళిపోయాడు. అక్క మాత్రం "ప్రతిదీ ఎంత ఆలోచిస్తాడో చూశావా" అని మురిసిపోయింది. ఆ మురిపెం చూసే నేను నోరు మూసుకున్నాను.

ముప్పై దాటాక ఒకరోజు భోజనాల దగ్గర ఉన్నట్టుండి బాంబు పేల్చాడు. వంటగట్లు గీసి గీసి ప్రాణం విసిగిపోయిందట, ఉద్యోగం మానేసి గేమ్ డిజైన్‌లో పీజీ చేస్తాడట.

నాన్న ముద్ద కంచంలోనే వదిలేశాడు. "ఆటలాడ్డానికి కాలేజీయా?"

"ఆడ్డానికి కాదు మామయ్యా, తయారుచెయ్యడానికి. అదో పెద్ద పరిశ్రమ ఇప్పుడు."

"అందులో రెండేళ్ళు చదవాల్సినంత ఏముంటుందయ్యా?"

"ఆడేవాడు ఎక్కడ భయపడాలి, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలి, ఎక్కడ విసుగొచ్చి వదిలేస్తాడు, అన్నీ ముందే ఊహించి కట్టాలి. మనుషుల్ని చదవడమే ఆ చదువంతా."

మనుషుల్ని చదవడం! ఆ మాట అన్నవాడికి పక్కన కూర్చున్న పెళ్ళాం మొహం చదవడం రాలేదు. అక్క మొహంలో ఒక్క క్షణం దిగులు కనిపించి మాయమైంది. తర్వాత ఆమే అందరికంటే ముందు "చదువుకోనీ నాన్నా. ఇల్లు నేను చూసుకుంటాగా" అంది. అంతటితో ఆ విషయం తేలిపోయింది.

బద్ధకస్తుడని మాత్రం అనను. చేరాక ఒళ్ళు వంచి పనిచేశాడు. అతనికంటే పదేళ్ళు చిన్నవాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళు పుట్టుకతో వచ్చినట్టు చేసే పనుల్ని మొదటినుంచీ నేర్చుకున్నాడు. కాకపోతే ఆ చదువు ఒక్కో గదీ చొప్పున ఇల్లంతా మింగేసింది. ముందుగా భోజనాల బల్ల పోయింది. ఏ ఆటనైనా కంప్యూటరులోకి ఎక్కించే ముందు కాగితాల మీద ఆడి చూడాలట. అట్టముక్కలతో గదులు కట్టాడు, గుండీలు తాళంచెవులయ్యాయి, మందుసీసాల మూతలు మనుషులయ్యాయి. నేను వెళ్ళిన ఒక ఆదివారం అక్క కంచాలు పెట్టబోతే, "ముట్టుకోకు! అది లెవెల్" అని ఒంటికాలి మీద లేచాడు. ముగ్గురం వంటగట్టు దగ్గర నిలబడి తిన్నాం.

"ఆ మూత ఎవరు బావా?" అని అడిగాను.

"ఆడేవాడు."

"దాని వెనకాల పడ్డ ఈ పెద్ద మూత?"

"అదా? అది వెతుకుతుంటుంది. దానికి దొరక్కుండా పని పూర్తి చేసుకోవాలి. అదీ ఆట."

అక్క ఆ మాట విని "భలే ఉందే" అంది. ఖాళీ గిన్నెలు తీస్తూ ఆ పెద్ద మూతకి చెయ్యి తగలకుండా బల్ల పక్కనుంచి జాగ్రత్తగా వెళ్ళింది.

ఆ తర్వాత అతని చెవులు కూడా పోయాయి. ఎప్పుడు చూసినా హెడ్‌ఫోన్లే. అక్క ఆసుపత్రి నుంచి వచ్చి గది గదికీ తిరుగుతూ "ఎక్కడున్నావ్?" అనేది. జవాబుండేది కాదు. "తిన్నావా?" దానికీ ఉండేది కాదు. "వెనక తలుపేశావా?" ఊహూ. నేను అక్కడ ఉన్న రోజుల్లో ఈ మూడు మాటలే వినేదాన్ని. నలుగురి మధ్య గలగలా మాట్లాడే మనిషి ఇంట్లో మూడు ప్రశ్నలకి కుదించుకుపోయింది. ఎప్పుడో బెణికిన కుడి చీలమండ వల్ల ఆమె కుడి చెప్పు నేలమీద కాస్త ఈడ్చినట్టు పడుతుంది. ఊళ్ళోవాళ్ళ కాళ్ళన్నీ బాగుచేస్తుంది గానీ తన కాలు చూసుకోవడానికి తీరికే ఉండదు. టప్, సర్ర్. టప్, సర్ర్. ఆ చప్పుడు వింటే అక్క ఏ గదిలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేస్తాను.

చదువు ఆఖరుకొస్తున్న రోజుల్లో ఆసుపత్రివాళ్ళు వేరే ఊళ్ళో కొత్త శాఖ తెరిచారు. అక్కడి ఫిజియోథెరపీ విభాగం మొత్తం నువ్వే కట్టుకుని నువ్వే నడుపుకో అని అక్కనడిగారు. ఆమె ఎన్నేళ్ళుగానో కోరుకున్నది అదే. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. గడువు అడిగిందట.

"దేనికే గడువు?" అన్నాను.

"తన ఆఖరి ప్రదర్శన అయ్యేదాకా. ఇక్కడి స్టూడియోవాళ్ళు ఏటా ఆ ప్రదర్శన చూసి ఒకరిని తీసుకుంటారు. తనకొస్తే ఇక్కడే ఉండిపోతాం, ఆసుపత్రికి నేను రానని చెప్పేస్తాను. రాకపోతే ఇద్దరం అక్కడికి వెళ్తాం."

"ఇది ఇద్దరూ కూర్చుని అనుకున్నదా?"

"నేను చెప్పాను. తను సరే అన్నాడు."

"అంటే తల ఊపాడు. హెడ్‌ఫోన్లు తీసి ఊపాడా, పెట్టుకునే ఊపాడా?"

"తన కష్టం నువ్వు చూళ్ళేదే" అంది అక్క. ఆమె కష్టం చూసేవాడెవడు మరి?

ప్రదర్శన రోజు అక్క సెలవు పెట్టింది. నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాను, ఒక పూట అనుమతి అడిగి ఆమెతో వెళ్ళాను. బావ ఆటని అప్పటిదాకా అక్కకి చూపించలేదు. పూర్తయ్యాక చూద్దువుగానిలే అంటూ వచ్చాడు. ఆమె అది నిజమే అనుకుని, ఇస్త్రీ చేసిన మంచి బట్టలు కట్టుకుని బయల్దేరింది.

కాలేజీలో అదొక పొడుగాటి గది. మందపాటి తెరలు, వరసగా కంప్యూటర్లు, కాళ్ళ కింద ఎక్కడ పడితే అక్కడ వైర్లు, చక్రాల కుర్చీలు. బావకి గురువైన విభాగం హెడ్డు, గొంతు సవరించుకోకుండా ఒక్క వాక్యం కూడా మొదలుపెట్టలేని పెద్దమనిషి. పక్కన స్టూడియో నుంచి వచ్చిన ఆవిడ పెన్ను కొరుకుతూ కూర్చుంది. ఎవరిని తీసుకోవాలన్నది ఆవిడ చేతిలో ఉంది. బావ మమ్మల్ని చూడగానే తెల్లమొహం వేశాడు. "సాయంత్రం రమ్మన్నాను కదా" అన్నాడు అక్కతో.

"సాయంత్రం జనం ఉంటారని ముందే వచ్చేశాం" అంది అక్క.

ఆ సాయంత్రం అన్న మాట ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. వాళ్ళ పద్ధతి ఏమిటంటే, ఆటని అంతకుముందు ఎన్నడూ చూడని మనిషిని కూర్చోబెట్టి ఆడించాలి. దాన్ని టెస్టు అంటారు. మార్కులన్నీ దాని మీదే. బావ కోసం రావాల్సిన మనిషి రాలేదు. హెడ్డు గారు గొంతు సవరించుకుని చుట్టూ చూశారు. ఆయన చూపు అక్క మీద ఆగింది.

"మీరెప్పుడైనా ఈ ఆట ఆడారా అమ్మా?"

"లేదండీ. అసలు చూడనేలేదు."

"సార్, తను మా ఆవిడండీ" అన్నాడు బావ గాభరాగా. "తనకి ఇవేవీ రావు."

"రానివాళ్ళే కదయ్యా కావాల్సింది. కూర్చోండమ్మా."

వద్దనడానికి బావ దగ్గర కారణం ఉంది గానీ అది నలుగురిలో చెప్పేది కాదు. అక్క చక్రాల కుర్చీలో సర్దుకుని కూర్చుంది. హెడ్డు గారు రూలు చెప్పారు. ఆడే మనిషి మనసులో ఏం తోస్తే అది పైకి అంటూనే ఉండాలి. ఆట కట్టినవాడు వెనక కూర్చోవాలి, నోరు విప్పకూడదు, సైగ చెయ్యకూడదు. రేపు ఆట జనం చేతుల్లోకి వెళ్ళాక పక్కన కూర్చుని విడమర్చి చెప్పడానికి అతను ఉండడు కాబట్టి ఇప్పుడూ ఉండనట్టే లెక్క.

"నోరు విప్పావో టెస్టు రద్దు" అన్నారు బావతో.

ఆట మొదలైంది. తెర మీద ఒక ఇల్లు. అక్క చేతికిచ్చిన మీటల కంట్రోలరుని అటూ ఇటూ తిప్పి, గోడని గుద్దుకుని, నవ్వి, మెల్లగా నడవడం పట్టుకుంది.

"వంటిల్లు. అయ్యో, ఇది మా వంటిల్లే! ఆ గట్టు చూడండి, మూల అలాగే విరిగుంది. అల్మారా తలుపు అలాగే వేలాడుతోంది. ఎంత బాగా పెట్టాడో!" ఆమె వెనక్కి తిరిగి బావని చూసింది. మొహం వెలిగిపోతోంది. మా ఇల్లు పెట్టాడు అన్న సంతోషం. అతను కళ్ళు దించుకున్నాడు. "హాల్లో ఆ బల్ల కూడా. దాని మీద ఏదో యంత్రం ముక్కలున్నాయి. ఇవి అతికించాలి కాబోలు. సరే, అతికిస్తున్నాను."

అప్పుడు చప్పుడు వినపడింది. ఎక్కడో లోపలి గదిలో. టప్, సర్ర్. టప్, సర్ర్.

అక్క చెయ్యి ఆగిపోయింది.

"ఇవి నా చెప్పులు" అంది.

తెర మీద అక్షరాలు వచ్చాయి. "దాక్కో."

"'దాక్కో' అంటోంది. ఎవర్నుంచి?" అని ఆమె పైకి చదువుతుండగానే, గోడల్లోంచి వచ్చినట్టు, సాగదీసినట్టు, కాస్త బొంగురు చేసినట్టు ఒక గొంతు వచ్చింది. ఎంత మార్చినా గుర్తుపట్టలేనా?

"ఎక్కడున్నావ్?"

స్టూడియో ఆవిడ పెన్ను కొరకడం ఆపి ముందుకి వంగింది. తలుపు దగ్గర ఒక ఆకారం నిలబడింది. మొహం లేదు. మోకాళ్ళ కిందకి వేలాడే చేతులు. "తిన్నావా?" అంటూ కుడి కాలు ఈడ్చుకుంటూ వస్తోంది.

బల్ల కిందకి, అల్మారాలోకి, ఎక్కడికో ఒకచోటికి ఎవరైనా పరిగెత్తుతారు. అక్క కదల్లేదు. "నేనెందుకు దాక్కోవాలి? వచ్చేది నేనే కదా" అంది. ఆకారం దగ్గరికొచ్చింది, తెరంతా నిండిపోయింది. "ఒక్క మాట వింటావా?" అంది. వెంటనే తెర ఎర్రబడింది. "దొరికిపోయావు" అన్న అక్షరాలు. ఆట మళ్ళీ మొదటికొచ్చింది.

బావ కుర్చీలోంచి సగం లేచి నోరు తెరిచాడు. హెడ్డు గారు వేలెత్తారు. కూర్చున్నాడు. నేను అతని మొహమే చూస్తున్నాను. నాకు సంతోషంగానే ఉంది, దాచుకోవడం ఎందుకు?

"ఏం తోస్తే అది అనమన్నారు కదండీ" అంది అక్క.

"ఆఁ, అనండి అనండి" అన్నారు హెడ్డు గారు.

ఆమె వెనక్కి తిరగలేదు. తెర వైపే చూస్తూ, రోగులతో మాట్లాడే నెమ్మదైన గొంతుతో మాట్లాడింది. "ఈ ఆఖరి మాట నేనెప్పుడన్నానో నాకు గుర్తుంది. కొత్త ఊరి ఉద్యోగం సంగతి ఆసుపత్రివాళ్ళు నాకు చెప్పిన రోజు. సంచి కూడా దించకుండా నీ దగ్గరికే వచ్చాను. నువ్వు ఆట చప్పుళ్ళ కోసం మైకు ముందు సొరుగు తీస్తూ మూస్తూ ఉన్నావు. 'ఒక్క మాట వింటావా' అన్నాను. ఇటు తిరక్కుండానే చెయ్యెత్తావు, ఆగమని. ఆగాను. మాట వినలేదు గానీ గొంతు మాత్రం పట్టుకున్నావన్నమాట."

తెర మీద మళ్ళీ చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది.

"తిన్నావా అని అడిగితే పారిపోవాలా? ఎక్కడున్నావ్ అంటే నీకిలా వినపడేదా ఇన్నాళ్ళూ? నేను గదిలోకి వస్తుంటే నీకు ఇలా కనపడేదాన్నా?" అని ఆగింది. వెనకాల బావ కుర్చీ కిర్రుమంది. "చెప్పకు. నువ్వు మాట్లాడకూడదుగా. నాకు ఇదే బాగుంది. పెళ్ళైనప్పట్నుంచీ నేను మొదలుపెట్టిన మాట నేనే పూర్తి చెయ్యడం ఇదే మొదలు."

మళ్ళీ తెర ఎర్రబడింది. ఆమె కంట్రోలరు బల్ల మీద పెట్టి, "అయిపోయిందండీ" అంది.

అందరికంటే ముందు స్టూడియో ఆవిడే తేరుకుంది. తేరుకోవడం కాదు, రెచ్చిపోయింది. "నేను చూసిన టెస్టుల్లో ఇంతకంటే నిజమైనది లేదు. ఆ గొంతే ఈ ఆటకి ప్రాణం. దాన్ని మాత్రం మార్చొద్దు" అంది బావతో.

హెడ్డు గారు గొంతు సవరించుకున్నారు. "గొంతు ఎవరిదైతే వాళ్ళు ఒప్పుకోవాలి. అడిగావా?"

ఇక బావకి మాట్లాడే స్వేచ్ఛ వచ్చింది. వచ్చిన వెంటనే ఏమన్నాడో వినండి. "తాత్కాలికంగా పెట్టానండీ. ఇంట్లో చప్పుళ్ళు రికార్డు చేస్తుంటే మధ్యలో తన మాటలు పడ్డాయి. మంచి గొంతు దొరికాక మార్చేద్దామనుకున్నాను. క్లాసులో అందరూ విని అదిరిపోయారు. అలా ఉండిపోయింది."

ఆ వృత్తిలో తాత్కాలికంగా పెట్టినవే శాశ్వతంగా మిగిలిపోతాయని పక్క కుర్చీలో టోపీ పెట్టుకున్న కుర్రకుంక ఒకడు నాకు చెప్పాడు. అందరూ చేసే పొరపాటేనట. ఎవరి పెళ్ళాం గొంతు అని వాడికి గుర్తు చెయ్యాల్సొచ్చింది.

బావ అక్క దగ్గరికొచ్చి నిలబడ్డాడు. స్టూడియో ఆవిడ వంక ఒకసారి చూశాడు. "నువ్వు వద్దంటే తీసేస్తాను" అన్నాడు.

వద్దంటేనట! "తీసేస్తాను" అని ఊరుకోవచ్చు కదా? ఆ ఒక్క ముక్క చాలు. అక్క ఆ ముక్క కోసమే ఆగింది, నేను చూశాను. అతని మొహంలోకే చూస్తూ, తొందరపెట్టకుండా, మొండి మోకాలు దానంతటది వంగేదాకా ఓపిగ్గా ఆగినట్టు ఆగింది.

"కానీ..." అన్నాడు బావ. "విన్నావు కదా ఆవిడ ఏమన్నారో. ఆ గొంతు లేకపోతే..."

అక్క లేచి సంచి భుజాన వేసుకుంది. "ఉంచుకో" అంది. "ఇచ్చేశాను. ఆటలో పెట్టుకో. ఇంట్లో ఇక వినపడదు."

ఆ మాట అతనికి పూర్తిగా ఎక్కిందో లేదో తెలియదు. స్టూడియో ఆవిడ చెయ్యి చాచి అభినందిస్తుంటే ఆ చెయ్యి అందుకోవడంలో పడ్డాడు. మేము బయటికి వచ్చాక, మెట్ల దగ్గరే నిలబడి అక్క ఆసుపత్రికి ఫోన్ చేసింది. వస్తున్నానని చెప్పింది. చేరాల్సిన తేదీ కూడా అడిగింది. ఫోన్ పెట్టేశాక మాత్రం మెట్టు మీద కూర్చుని, "గట్టు మూల విరిగింది కూడా గుర్తుపెట్టుకున్నాడే" అని ఏడ్చింది.

అక్క వెళ్ళిపోయింది. బావకి స్టూడియో ఉద్యోగం వచ్చింది. ఆట విడుదలైంది, బాగా ఆడుతోందట. ఎక్కడెక్కడివాళ్ళో మా అక్క పిలిస్తే ఉలిక్కిపడి బల్లల కింద దూరుతున్నారు. దాన్ని తెగ మెచ్చుకుంటున్నారు కూడా. నేను ఆడలేదు, ఆడను.

అక్క వదిలేసిన ఇస్త్రీపెట్టె, ఇంకొన్ని సామాన్లు తెమ్మంటే మొన్న ఒక మధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. భోజనాల బల్ల ఖాళీగా, తుడిచి ఉంది. పదిమందికి కంచాలు పెట్టొచ్చు. బావ హాల్లో తెర ముందు కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లు లేవు. నన్ను చూసి, "మీ అక్క ఎలా ఉంది?" అన్నాడు.

"ఫోనుంది. అడిగి తెలుసుకో."

"తియ్యడం లేదు." నా వైపు తిరిగి, "మరదలా, నిజంగా నాకలా వినపడేది కాదు. ఆటకి అలా కుదిరింది, అంతే" అన్నాడు.

"నాకెందుకు చెబుతావు? చెప్పాల్సిన చోట 'కానీ' అన్నావుగా."

ఇస్త్రీపెట్టె తీగ చుట్టుకుంటూ ఉంటే తెర లోంచి చప్పుడు వచ్చింది. టప్, సర్ర్. ఎంత కోపంలో ఉన్నా నా తల అటు తిరిగింది. అతను కంట్రోలరు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. దాక్కోవడం లేదు, యంత్రం అతికించడం లేదు. ఆ ఇంటి నడిమధ్యలో నిలబడి ఎదురుచూస్తున్నాడు.

"ఎక్కడున్నావ్?" అంది అక్క.

"ఇక్కడే ఉన్నాను" అన్నాడు బావ.

"తిన్నావా?"

"ఇంకా లేదు."

ఆమె కుడి కాలు ఈడ్చుకుంటూ దగ్గరికొచ్చింది. "ఒక్క మాట వింటావా?"

"చెప్పు" అన్నాడు.

ఆ మాటేమిటో అతను ఆటలో పెట్టలేదు. తెర ఎర్రబడింది.